నాయన దిగని సైకిల్

పోయిన నెల మా ఆయన భుజం పట్టేసిందని ఖమ్మంలో ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కు వెళ్ళాం. చేయి పైకి లేపమంటే ఆయన సగం దాకా లేపి, మిగతా సగం మాటలతో పూర్తి చేస్తున్నాడు. నేను గోడవారన కుర్చీలో కూర్చుని నా వంతు వచ్చినప్పుడల్లా నిట్టూరుస్తున్నాను. అప్పుడు ఒక పెద్దాయనను ఆయన కొడుకు చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. గుమ్మం దాకా బాగానే వచ్చిన మనిషి గుమ్మంలో ఆగిపోయాడు. పాదాలు నేలకు అతుక్కుపోయాయి, మడమలు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. కొడుకు నడువు నాన్నా, నడువు అంటూ చేయి లాగుతున్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి, అతన్ని పక్కకు జరగమని, నేల మీద అంటించిన ఎర్ర టేపు గీతలు చూపించి వాటిని దాటమంది. పెద్దాయన దాటాడు. వెనక ఆవరణలో మూడు చక్రాల సైకిల్ ఒకటి ఉంది. పెడళ్ళకు పట్టీలు, వీపు ఆనించుకునే సీటు. దాని మీద కూర్చోబెట్టి పాదాలు పట్టీల్లో పెట్టగానే, ఇందాక గుమ్మం దాటలేని మనిషి ఆవరణంతా నాలుగు చుట్లు చుట్టాడు. కొడుకు ఫోన్‌లో వీడియో తీస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసి, మీరేం ఆశ్చర్యపోవట్లేదేంటి ఆంటీ అంది. మా నాయన గట్లనే తొక్కేటోడమ్మా అన్నాను. ఏ సెంటర్‌లో చూపించారు అని అడిగింది. పాల్వంచలో అన్నాను. పాల్వంచలో అప్పుడు సెంటర్ ఏదీ లేదని, ఒక సైకిల్ రిపేరు షాపు, ఒక ముగ్గు డబ్బా మాత్రమే ఉన్నాయని చెప్పేలోపు, మా ఆయన రెండో భుజం కూడా నొప్పిగా ఉందని మొదలుపెట్టాడు.

మేము ఉన్న వీధికీ కరెంటు ప్లాంటుకూ చాలా దూరం. అయినా మా ఇల్లు ఆ సైరన్‌కే లేచేది, ఆ సైరన్‌కే తినేది. షిఫ్టు మారినప్పుడల్లా నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని రాజయ్య ఎక్కిండు, రాజయ్య దిగిండు అని తనలో తను అనుకునేది. రాజయ్య మా పెదనాన్న. ప్లాంటులో ఫిట్టర్. ఆయనకు కాలనీలో క్వార్టర్ ఉండేది, కాళ్ళకు బూట్లు ఉండేవి, చేతికి గడియారం ఉండేది. ఆయన తమ్ముడు లింగయ్య మా నాయన. నాయనకు ఒక సైకిల్ ఉండేది. దాని మీద సత్తు గిన్నెలు కట్టుకుని బూర్గంపాడు వైపు, అడవి అంచు గూడేల్లో, వారం సంతల్లో అమ్మేవాడు. పెద్ద డేగిసాలు వెనక, వాటి కడుపులో చిన్నవి, చిన్నవాటి కడుపులో గరిటెలు, హ్యాండిల్‌కు దండలాగా మూతలు. అంతా కట్టాక దూరం నుంచి చూస్తే సైకిల్ కనిపించేది కాదు, గిన్నెల గుట్ట ఒకటి దానంతటదే కదిలిపోతున్నట్టుండేది.

మా ఇల్లు ఒక గది, ముందు తాటాకు పందిరి. గదిలో సగం గిన్నెలవి, సగం మావి. కొత్త గిన్నెల మధ్య కుక్కిన వరిగడ్డి వాసన, సైకిల్ గొలుసుకు వేసే నూనె వాసన, వీటికి తోడు అమ్మ చీరలోంచి వచ్చే జామాయిల్ ఆకు వాసన. అమ్మ కాగితం మిల్లు కోసం జామాయిల్ మొక్కలు పెంచే నర్సరీలో పనికి పోయేది. ఎండాకాలంలో ఇవన్నీ ఇప్పపూల వాసన కింద అణిగిపోయేవి. గూడేల్లో ఆడవాళ్ళు గిన్నెకు బదులు ఎండిన ఇప్పపూలు ఇచ్చేవాళ్ళు. నాయనమ్మ వాటిని ఉడకబెట్టి తినేది, మాకూ పెట్టేది. పొద్దున నాయన జొన్న గటకలో పచ్చిపులుసు పోసుకుని, నిలబడే తాగి, గిన్నెలు కట్టుకుని వెళ్ళిపోయేవాడు. కూర్చుని తింటే కాళ్ళు పట్టేస్తాయని ఆయన నమ్మకం.

రోగం మొదట ముక్కుకు వచ్చిందని మాకెవరికీ తెలియదు. ఒక ఎండాకాలం నాయన తెచ్చిన ఇప్పపూల మూట దారిలో వానకు తడిసి పులిసిపోయింది. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయట కూర్చుంది. నాయన మాత్రం ఆ మూట పక్కనే నిలబడి భోజనం చేశాడు. మనిషికి సోయి లేదని అమ్మ విసుక్కుంది. ఆ తర్వాత గొంతు పోయింది. ఊరి మొదట్లో కేక వేస్తే చివరి ఇంట్లో వినిపించే మనిషి, పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కేకకు బదులు ఒక మూత వేలాడదీసి గరిటెతో కొట్టడం మొదలుపెట్టాడు. దానివల్ల బేరాలు కొంచెం పెరిగాయి కూడా. ఆ పైన మొహం. నవ్వు వచ్చే చోట నవ్వు రావడం మానేసింది. పిలిస్తే తిరిగి చూస్తాడు గానీ, ఎందుకు పిలిచారని మొహం అడగదు. లింగయ్యకు పొగరెక్కిందని వీధిలో అనుకున్నారు. నాయనమ్మ దిష్టి తీసింది. కుడి చేయి వణుకు అందరికీ తెలిసింది గానీ అది కంటికన్నా ముందు చెవికి తెలిసింది: సైకిల్ నిలబడే ఉన్నా హ్యాండిల్‌కున్న మూతలు గలగలమనేవి.

కాళ్ళ సంగతి అన్నిటికంటే చివర. గది లోపల ఏదోలా తిరిగేవాడు. గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. ఒక కాలు లేపుతానన్నట్టు భుజం కదిలేది, కాలు కదిలేది కాదు. కాసేపటికి ఏ దయవల్లనో కదిలితే నాలుగు చిన్న అడుగులు పరిగెత్తినట్టు పడి, మళ్ళీ ఆగేవి. అదే మనిషిని సైకిల్ ఎక్కిస్తే గిన్నెల గుట్టతో సహా బూర్గంపాడు రోడ్డు మీద లారీలకు దారి ఇస్తూ పోయేవాడు. అమ్మ నర్సరీకి పోయేముందు సైకిల్‌ను గడపకు ఆనించి పెట్టేది. నాయన గుమ్మం చెక్క వదిలి హ్యాండిల్ పట్టుకుంటే చాలు, ఇక ఆ రోజుకు ఆయనకు ఏ లోటూ లేదు. గూడేల్లో కల్వర్టు గోడకో, ఎవరి అరుగుకో కాలు ఆనించి సైకిల్ మీదే ఉండేవాడు. ఆడవాళ్ళే చుట్టూ చేరి గిన్నెలు విప్పుకుని చూసుకునేవాళ్ళు. దిగాల్సిన పనే ఉండేది కాదు. అందువల్ల అడవి వైపు ఆయనకు రోగం ఉందని ఎవరికీ తెలియదు. పాల్వంచలో అయితే రోగం లేదని అందరూ తేల్చేశారు.

తేల్చినవాళ్ళలో మొదటివాడు పెదనాన్న. సెలవు రోజు మా ఇంటికి వచ్చి, అన్నం తిని, తమ్ముడికి బుద్ధి చెప్పి వెళ్ళడం ఆయనకు అలవాటు. చెడ్డవాడు కాదు. మాకు బట్టలు తెచ్చింది ఆయనే, నన్ను బడిలో వేసింది ఆయనే. కానీ ప్లాంటులో ఏ మిషను ఆగినా ఎందుకు ఆగిందో చెప్పగలిగిన మనిషికి, తమ్ముడి కాళ్ళు గడప దగ్గర ఆగి రోడ్డు మీద ఎందుకు తిరుగుతాయో అర్థం కాలేదు. ఇంత సామానుతో సైకిల్ తొక్కే కాళ్ళకు, ఇంట్లో బిందె నీళ్ళు తేవడానికి ఏం రోగమని అడిగేవాడు. అమ్మ బిందె తీసుకుని తనే నీళ్ళకు పోయేది. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న నాకు సరైనదిగానే తోచేది.

అప్పుడు నేను పదో తరగతి. పరీక్ష ఫారం మీద హెడ్మాస్టరు ఎదుట తండ్రి సంతకం పెట్టాలన్నారు. నాయన వచ్చాడు. బడి గేటు దిమ్మె మీద కాలు ఆనించి సైకిల్ మీదే ఉన్నాడు. లోపలికి రమ్మన్నాను. ఆయన ఏదో అన్నాడు, వినపడలేదు. దగ్గరికి వెళితే, "సార్‌నే జర ఇటు రమ్మను బిడ్డా" అన్నాడు. హెడ్మాస్టరును గేటు దగ్గరికి రమ్మని పిలవడం మా బడి చరిత్రలో లేదు. కిటికీల నిండా మా తరగతి మొహాలున్నాయి. అటెండరు నవ్వాడు. నేను నాయన వైపూ చూడలేదు, ఆఫీసు వైపూ చూడలేదు. కాసేపటికి మూతల చప్పుడు వినిపించింది. తలెత్తేసరికి ఆయన మలుపు తిరిగిపోతున్నాడు. మర్నాడు అమ్మ నర్సరీ పని మానుకుని వచ్చి వేలిముద్ర వేసింది.

ఆ సెలవు రోజు పెదనాన్న వచ్చినప్పుడు ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ, "ఒక్కనాడు ఆ సైకిల్‌కు తాళమెయ్యుండ్రి. వాడే నడుస్తడు" అన్నాడు. అని, ఇంకొంచెం పులుసు పోయించుకున్నాడు. నాయన అక్కడే గోడకు ఆనుకుని వింటున్నాడు.

రెండు రోజుల తర్వాత, అమ్మ పనికి వెళ్ళిపోయాక, నాయన ఇంకా లోపల ఉండగానే, నేను సైకిల్‌ను గడప దగ్గర నుంచి జరిపి, పందిరి గుంజకు గొలుసు చుట్టి తాళం వేశాను. గడపకూ గుంజకూ మధ్య ఆరేడు అడుగులుంటుంది. తాళంచెవి కంపాస్ డబ్బాలో పెట్టుకున్నాను. నేను బడికి బయల్దేరేసరికి నాయన గుమ్మం చెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. దారి లేకపోతే ఆయన చేతి కిందనుంచి వంగి దూరి, పోయొస్త నాయనా అని చెప్పి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా నాకు ఒకటే ఊహ: నేను తిరిగి వచ్చేసరికి ఆయన గుంజ పక్కన నిలబడి ఉంటాడు, కొంచెం కోపంగా, కొంచెం సిగ్గుగా. ఆ తర్వాత మా ఇల్లు అందరి ఇళ్ళలాగా ఉంటుంది.

భోజనం వేళకు ఇంటికి వచ్చాను. నాయన అదే గడప మీద ఉన్నాడు. అదే చేయి, అదే చెక్క. వెనక నాయనమ్మ నేల మీద కూర్చుని, కొడుకు పడిపోకుండా రెండు చేతులతో ఆయన మోకాళ్ళు చుట్టి పట్టుకుని ఉంది. ఆమెకు లేవడానికే ఇంకొకరు కావాలి. పక్కన చెంబు ఒలికి ఉంది. పంచె తడిసి ఉంది, అది చెంబులో నీళ్ళ వల్ల కాదు. నుదుటి మీద చెక్కకు కొట్టుకున్న గీత. వీధిలో పోయేవాళ్ళు చూసే ఉంటారు. లింగయ్య గడపలో నిలబడటం కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ ఆగలేదు.

నన్ను చూసి ఆయన మొహంలో ఏమీ మారలేదు. మారే మొహం కాదది. "ఎవలో తాళమేసిండ్రు బిడ్డా. చెవి యాడన్న ఉన్నదేమో చూడు" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి, గూట్లో వెతికినట్టు చప్పుడు చేసి, కంపాస్ డబ్బాలోంచి తాళంచెవి తీశాను. గూట్లో దొరికిందన్నాను. పంచె మార్చాను. నాయనమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. సైకిల్ తెచ్చి గడపకు ఆనించి, ఆయన కాలు నా చేతులతో ఎత్తి అటువైపు వేసి, సీటు వెనక నుంచి నెట్టాను. నాయన వీధి చివర దాకా తొక్కి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. గిన్నెలు కట్టలేదు. ఎక్కడికో పోవాలని కాదు, ఊరికే తొక్కాడు. ఆ మధ్యాహ్నం నేను బడికి తిరిగి వెళ్ళలేదు.

సాయంత్రం అమ్మతో, నాయన నటిస్తలేడు అని మాత్రం చెప్పాను. తాళం మాట చెప్పలేదు. అమ్మ మర్నాడే నాయనను వరంగల్ పెద్ద దవాఖానాకు బయల్దేరదీసింది. అక్కడ ఒక ముసలి డాక్టరు నాయనను నడవమన్నాడు. నాయన తలుపు దగ్గర ఆగిపోయాడు. అప్పుడు అమ్మ, సొంత మనిషి మీద సాక్ష్యం చెప్తున్నట్టు తల వంచుకుని, కానీ సైకిల్ తొక్కుతడు సారూ అంది. డాక్టరు కలం కింద పెట్టాడు. వాచ్‌మన్ సైకిల్ తెప్పించాడు. నాయన అంబులెన్సు చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. వరండాలో రోగులంతా లేచి చూశారు. దిగడానికి మాత్రం ఇద్దరు కాంపౌండర్లు కావాల్సి వచ్చింది. డాక్టరు అమ్మకు అర్థమయ్యేలా చెప్పాడు. మెదడులో నడకది ఒక దారి, తొక్కడానిది వేరే దారి, మొదటిది పాడైంది, రెండోది ఇంకా ఉంది. మాత్రలు రాశాడు. "ఉన్నన్నాళ్ళు తొక్కనివ్వండమ్మా. ఆగినప్పుడు పడతాడు, మూడో చక్రం వేయించండి" అన్నాడు. రోగం పేరు పార్కిన్సన్ అని నేను అరచేతి మీద రాసుకున్నాను. అమ్మ చివరిదాకా దాన్ని పార్కు రోగమనే అంది.

మూడో చక్రం వేసింది బస్టాండు పక్కన సైకిల్ షాపు ఖాసిం భాయి. కాళ్ళు లేనివాళ్ళు చేతితో తిప్పే మూడు చక్రాల బండ్లు ఆయన బాగుచేసేవాడు. ఇక్కడ చేతులు వణుకుతాయి, కాళ్ళు తిరుగుతాయి అని చెప్తే, అయితే ఉల్టా చేద్దామన్నాడు. సామాన్ల రిక్షా ఇరుసు తెచ్చి వెనక వేశాడు. పాదాలు జారకుండా టైరు ట్యూబు కోసి పట్టీలు చేశాడు. బ్రేకు ఎడమ చేతికి మార్చాడు. వెనక గిన్నెలకు చెక్క పెట్టె. మొదటి రోజు మలుపులో బండి రోడ్డు పక్క మురుగు మోరీలో పడింది. నాయనకు ఏమీ కాలేదు, ఖాసిం భాయికి మాత్రం అన్నం సయించలేదట. మర్నాడు వెనక చక్రాల మధ్య జానెడు వెడల్పు పెంచాడు. ఆ తర్వాత అది ఎన్నడూ పడలేదు.

గడప సంగతి నాయనమ్మ తేల్చింది. ఒకరోజు కొడుకు ఆగిపోతే విసుగొచ్చి తన చేతికర్ర ఆయన కాళ్ళ ముందుకు విసిరింది. నాయన దాన్ని దాటాడు. కర్ర దాటాలంటే కాలు లేస్తోంది, ఉత్త నేల అయితే లేవదు. అప్పటినుంచి అమ్మ పొద్దున్నే గదిలోంచి బండి దాకా ముగ్గుపిండితో అడ్డగీతలు వేసేది. ఇదేం ముగ్గని పక్కింటావిడ అడిగితే, రైలు పట్టాలంది. ఇప్పుడు ఖమ్మంలో ఆ అమ్మాయి టేపు అంటించి చేసేది ఇదే. ఆ అమ్మాయి చదువుకుని చేస్తోంది. ముందే తెలిసి చేస్తోంది. ఆ కొడుకు తండ్రి చేయి లాగాడు గానీ, నటిస్తున్నావని అనలేదు. మాకూ వాళ్ళకూ మధ్య తేడా సైకిల్ రంగులో, సీటు మెత్తదనంలో లేదు, ఆ ఒక్క మాట అనకపోవడంలో ఉంది. అప్పట్లో అది రోగమని మాకు ముందే చెప్పేవాళ్ళుంటే నేను ఆ తాళం వేసేదాన్ని కాదేమో. వేసేదాన్నేమో కూడా. పదిహేనేళ్ళ పిల్లకు కిటికీల్లో మొహాలు డాక్టరు మాటకంటే పెద్దవి.

తాళం రోజు నుంచి నాయన పెదనాన్నతో మాట్లాడటం మానేశాడు. మేము గమనించలేదు. గొంతు పోతుందని, మొహం మూగబోతుందని డాక్టరు చెప్పాడు కాబట్టి, పెదనాన్న వచ్చినప్పుడు నాయన గోడ వైపు చూస్తూ ఉంటే రోగమే అనుకున్నాం. పెదనాన్న కూడా అదే అనుకున్నాడు. తమ్ముడి కాళ్ళకు ఏం రోగమని అడిగింది గుర్తొచ్చి, రోగమని తెలిశాక ఆ ఇంట్లో అన్నం తినలేక, రావడం తగ్గించి, చివరకు మానేశాడు. మందులు మాత్రం ఎవరి చేతనో పంపేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాయన పొద్దున నన్ను వెనక పెట్టెలో కూర్చోబెట్టుకుని కాలేజీ దగ్గర దింపి, సంతకు పోయేవాడు. నేను వెనక్కి తిరిగి కూర్చునేదాన్ని, ఆయన వీపూ నా వీపూ ఆనుకునేవి. ఎదురెదురుగా ఉంటే ఎప్పటికీ చెప్పకపోదును. ఒకరోజు అలా పోతూ, ఆనాడు తాళమేసింది నేనే నాయనా అన్నాను. బండి కొంతదూరం పోయింది. వినలేదేమో అనుకున్నాను. ఎడమ చేతి బ్రేకు పడింది.

"నువ్వా? మీ పెదనాన్న అనుకున్న" అన్నాడు. పెదనాన్న ఆ వారం నైట్ షిఫ్టు. తెల్లారి దిగి, బజారు పని చూసుకుని, మా వీధి మీదుగానే పోయేవాడు. నాయన లెక్క అది.

"ఎందుకేసినవ్ బిడ్డా?"

"నువ్వు నడుస్తవనుకున్న."

ఆయన ఊపిరి నా వీపుకు తెలుస్తోంది. "నేను గూడ అనుకున్న" అన్నాడు. తర్వాత, ఈ పూట కాలేజీకి పోకు అని, బండి కాలనీ వైపు తిప్పాడు.

పెదనాన్న లుంగీతో క్వార్టర్ ముందు మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. బండిని చూసి చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాయన దిగలేడు. పిలిస్తే వినపడదు. పెదనాన్న ఒక్కో అడుగు వేసుకుంటూ గేటు దాకా, అక్కడినుంచి బండి దాకా వచ్చి, వంగి నాయన నోటి దగ్గర చెవి పెట్టాడు.

"అన్నా, తాళం నువ్వెయ్యలే" అన్నాడు నాయన.

"ఏ తాళం రా?"

సైకిల్‌కు తాళమెయ్యమన్న మాట పెదనాన్నకు అన్నట్టే గుర్తులేదు. నాయన ఆయన్ని కాసేపు చూశాడు. నవ్వాడని నేను చెప్పలేను, నవ్వగలిగితే అప్పుడే నవ్వి ఉండేవాడు. "ఏం లేదు. ఎక్కు" అన్నాడు.

నేను దిగాను. పెదనాన్న లుంగీ సర్దుకుని పెట్టెలో కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి, కాళ్ళు బయటికి వేలాడాయి. నాయన కాలనీ రోడ్డు మీద తొక్కాడు. నేను వెనక నడిచాను. జనరల్ షిఫ్టుకు పోయేవాళ్ళు ఎదురొస్తున్నారు. అందరూ పెదనాన్నకు తెలిసినవాళ్ళే. మూడు చక్రాల బండిలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న రాజయ్యను చూసి ఒకాయన సైకిల్ దిగి, ఏంది రాజయ్యా, కాళ్ళకేమైంది అని అడిగాడు.

"నా కాళ్ళకేం కాలే. తొక్కుతున్నోడే బీమారోడు" అన్నాడు పెదనాన్న.

అడిగినాయన నమ్మలేదు. ఆ వెనక వచ్చినవాళ్ళూ నమ్మలేదు. పెదనాన్న కాలనీ చివరిదాకా ఒక్కొక్కరికీ అదే చెప్పుకుంటూ పోయాడు.